స్విమ్మింగ్ పూల్ పంపు: పాటించకూడని సలహాలు

మార్చి వచ్చిందంటే హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీల వాట్సాప్ గ్రూపుల్లో పూల్ కబుర్లు మొదలవుతాయి. ఎప్పుడు తెరుస్తారు, పిల్లలకు కోచ్ ఎవరు, టోపీ తప్పనిసరా కాదా? అసలు ప్రశ్న మాత్రం కమిటీ మీటింగు దాకా రాదు: పంపు రోజుకు ఎన్ని గంటలు నడపాలి? అక్కడికి వచ్చాక కూడా తలా ఒక అంకె చెబుతారు. ఒకరిది బావమరిది ఫామ్‌హౌస్ అనుభవం. ఇంకొకరిది అమెరికాలో కొడుకింటి పెరట్లో చూసిన లెక్క. మరొకరి కళ్ల ముందు కరెంటు బిల్లు తప్ప ఇంకేమీ ఉండదు. గట్టిగా మాట్లాడినవారి అంకె నెగ్గుతుంది. ఆ అంకె ప్రకారమే పంపు గదిలో కుర్రాడు స్విచ్చి వేస్తాడు, ఆపుతాడు. ఆ నీళ్లలో మునిగేదీ, తెలియకుండా గుక్కెడు మింగేదీ మన పిల్లలు.

ఇక్కడ రాస్తున్నవి అలాంటి మీటింగుల్లో ఏటా వినిపించే సలహాలు. చెప్పేవాళ్లది మంచి ఉద్దేశమే. అయినా ఒక్కటి కూడా పాటించకండి.

“రోజుకు నాలుగు గంటలు చాలు. ఎక్కడైనా అంతే.”

అన్నింటికంటే ఎక్కువ చెడుపు చేసే సలహా ఇది. ఎందుకంటే వినడానికి నికరమైన అంకెలా ఉంటుంది. ఎంత నీటికి నాలుగు గంటలు? ఎంత పంపుకి? ఎంతమంది దిగే కొలనుకి? ఈ మూడూ తెలియకుండా గంటలు చెప్పడం కుదరదు.

లెక్క పెద్ద కష్టమేమీ కాదు. మధ్యతరగతి అపార్టుమెంట్లలో కనిపించే సైజు కొలను ఒకటి తీసుకుందాం. పన్నెండున్నర మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు, సగటు లోతు 1.2 మీటర్లు. మూడూ గుణిస్తే 120 ఘనపు మీటర్లు, అంటే 1,20,000 లీటర్లు. పంపు గంటకు 20,000 లీటర్లు తోడుతుందనుకుంటే కొలనులో ఉన్నంత నీరు ఫిల్టరు గుండా వెళ్లడానికి ఆరు గంటలు పడుతుంది. దీన్నే టర్నోవర్ అంటారు. నాలుగు గంటలు నడిపితే ఆ ఒక్క టర్నోవర్ కూడా పూర్తి కాదు.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఒక టర్నోవర్ అయిందంటే కొలనులోని ప్రతి చుక్కా ఫిల్టరు చూసి వచ్చిందని కాదు. శుభ్రమైన నీరు తిరిగి వచ్చి మురికి నీటిలోనే కలుస్తుంది. కలిసిన ఆ నీటినే పంపు మళ్లీ లాగుతుంది. బియ్యం కడిగినప్పుడు మొదటి నీళ్లు పాలలా, రెండోసారి పలచగా, మూడోసారికి తేటగా వచ్చినట్టే ఇదీ విడతలవారీగా తేరుకోవాలి. అమెరికాలో 1926 నాటికే గేజ్, బిడ్‌వెల్ అనే ఇద్దరు దీనికి లెక్క కట్టారు. ఒక టర్నోవర్‌లో సుమారు 63 శాతం నీరే ఫిల్టరు గుండా వెళుతుంది. రెండో టర్నోవర్‌కి 86 శాతం, మూడోదానికి 95, నాలుగోదానికి 98. అంటే ఆరు గంటలు నడిపి ఆపేసిన కొలనులో మూడో వంతుకు పైగా నీరు ఆ రోజు ఫిల్టరు ముఖమే చూడలేదన్నమాట.

ఇంటి పెరట్లో నలుగురు దిగే కొలనుకు రోజుకు ఒక టర్నోవర్‌తో సరిపెట్టుకోవచ్చు. అరవై ఫ్లాట్ల పిల్లలు సెలవుల్లో పొద్దున, సాయంత్రం దిగే కొలనుకు అదే కొలత పెట్టడం అన్యాయం. జనం వాడే కొలనుల్లో నీరు 24 గంటలూ తిరుగుతూనే ఉండాలని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ తన నమూనా నియమావళిలో చెబుతుంది. మనుషులు లేని వేళల్లో వేగం తగ్గించుకోవచ్చు, పూర్తిగా ఆపకూడదు. మన దగ్గర అంత కచ్చితంగా నడిపించే అసోసియేషన్లు తక్కువే అయినా, లెక్క అక్కడి నుంచి మొదలుపెట్టి కిందికి దిగాలి గానీ నాలుగు గంటల నుంచి పైకి ఎక్కడం కాదు.

“పంపు మీద గంటకు ఇరవై వేల లీటర్లని రాసుంది కదా, అదే లెక్క.”

పంపు మీద రాసింది కంపెనీ పరీక్షలో వచ్చిన అంకె. మీ పంపు గదిలో పైపు ఎన్ని మలుపులు తిరిగిందో, ఫిల్టరులో ఇసుక ఎన్నేళ్ల నాటిదో ఆ అంకెకు తెలియదు.

ఒకసారి పంపు గదిలోకి దిగి చూడండి. కొలను పక్కనే మెట్ల కింద ఉంటుంది, తలుపు తీయగానే ఉక్క, బ్లీచింగ్ వాసన. పంపు ముందు భాగంలో లోపలికి కనిపించే మూత, దాని కింద జల్లెడ బుట్ట. మోటారు ఆపి, వాల్వులు కట్టి, మూత విప్పి ఆ బుట్ట బయటికి తీస్తే తెలుస్తుంది సంగతి. వేపాకులు, జుట్టు ఉండలు, రబ్బరు బ్యాండ్లు, ఒక హెయిర్ క్లిప్పు, అప్పుడప్పుడు పిల్లల ముక్కు క్లిప్పు కూడా. కొబ్బరినూనె రాసుకుని వచ్చిన తలల పుణ్యమా అని అదంతా జిడ్డుగా అతుక్కుని ఉంటుంది. ఆ బుట్ట సగం నిండితే చాలు, పంపు గంటకు లాగే నీరు గణనీయంగా పడిపోతుంది.

దాని పక్కన పెద్ద పీపాలాంటిది ఇసుక ఫిల్టరు. దాని మీద పిడి ఉన్న మల్టీపోర్ట్ వాల్వు, వాల్వుకు చిన్న ప్రెషర్ గేజీ. ఈ గేజీ అద్దం చాలాచోట్ల మసకబారి అంకెలు కనిపించవు. నా దృష్టిలో మొత్తం పూల్‌లో అతి విలువైన వస్తువు అదే. కొత్త గేజీ కొనండి, పెద్ద ఖర్చేమీ కాదు. ఫిల్టరు శుభ్రంగా ఉన్నప్పుడు ముల్లు ఎక్కడుందో స్కెచ్ పెన్నుతో అద్దం మీద గీత పెట్టించండి. ఆ గీత కన్నా ఎనిమిది నుంచి పది పీఎస్ఐ పెరిగిందంటే ఇసుకలో మురికి పట్టేసిందని, నీరు సరిగా వెళ్లడం లేదని అర్థం. అప్పుడు బ్యాక్‌వాష్ చేయాలి. మోటారు ఆపి, పిడి తిప్పి, మళ్లీ వేసి, నీరు కనిపించే చిన్న గాజులో నీరు తేటపడేదాకా రెండు మూడు నిమిషాలు వదిలి, ఆ తర్వాత కొద్దిసేపు రిన్స్‌లో పెట్టి, చివరగా ఫిల్టరు స్థానానికి తేవాలి. మోటారు నడుస్తుండగా పిడి తిప్పితే వాల్వు లోపలి గాస్కెట్ పాడవుతుంది. ఆ తర్వాత మురికి నీరు ఫిల్టరును తప్పించుకుని నేరుగా కొలనులోకి వెళుతుంది, పంపు ఎన్ని గంటలు నడిచినా ఫలితం ఉండదు.

ఆపరేటర్‌కు ఇదంతా తెలుసు. తెలిసినా చేయనివ్వరు.

“సార్, గేజీ బాగా పైకి పోయింది. బ్యాక్‌వాష్ కొట్టాలె.”

“మొన్ననే కొట్టినవ్ కదా బాబూ. నీళ్లెక్కడివి? ట్యాంకర్ రేటు తెలుసా నీకు? ఆదివారం చూద్దాం.”

ఆదివారం దాకా ఆ పంపు సగం నీటితో తిరుగుతుంది. కరెంటు మాత్రం సగానికి తగ్గదు. కాగితం మీద ఎనిమిది గంటలు, నీటి లెక్కలో నాలుగు. ఒక బ్యాక్‌వాష్‌కి పోయేది సుమారు వెయ్యి లీటర్లు, అంటే మేడ మీద ఉండే ఒక నల్ల ట్యాంకు. అది మిగిల్చుకోబోయి కొలను పచ్చబడితే 1,20,000 లీటర్లు వదిలేసి మళ్లీ నింపుకోవాల్సి రావచ్చు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఇరవై నాలుగు. అలాగని గేజీ చూడకుండా రోజూ బ్యాక్‌వాష్ చేయడం కూడా తప్పే. ఇసుకలో కాస్త మురికి చేరితేనే సన్నని నలుసు ఆగుతుంది. ఇక్కడ నిర్ణయం కుర్రాడిదీ కాదు, సెక్రటరీదీ కాదు, ముల్లుది.

“పెద్ద పంపు పెట్టేద్దాం. రెండు గంటల్లో పని అయిపోతుంది.”

ఈ సలహా వింటే నాకు కోపం వస్తుంది. ఫిల్టరు సైజు మార్చకుండా పంపు పెంచితే నీరు ఇసుకలో మరీ వేగంగా దూసుకుపోతుంది, మురికి ఆగదు. ఇసుకలోంచి దారులు పడతాయి. పైపులు ఓర్చుకోలేవు. ఇవన్నీ డబ్బు నష్టాలు, సరే. వీటన్నిటికంటే భయపడాల్సింది కొలను అడుగున ఉండే డ్రెయిన్ గురించి. పంపు దాని గుండా నీటిని లాగుతుంది. పంపు పెద్దదైన కొద్దీ ఆ పీల్పు బలం పెరుగుతుంది. డ్రెయిన్ మీది జాలీ విరిగినా, ఊడినా, లేదా ఒక్కటే డ్రెయిన్ ఉన్నా ఒక పసి శరీరం దాన్ని మూసేస్తే ఊపిరి ఆగేలోపు విడిపించడం పెద్దవాళ్ల చేత కూడా కాకపోవచ్చు.

2002లో అమెరికాలో ఏడేళ్ల గ్రేమ్ బేకర్ అనే పాప ఇలాగే చనిపోయింది. వేడి నీటి తొట్టె అడుగున డ్రెయిన్ పీల్పుకు చిక్కుకుంది. ఆ దేశ విదేశాంగ మంత్రిగా పనిచేసిన జేమ్స్ బేకర్ మనవరాలు ఆమె. తల్లి పట్టు వదలకుండా తిరిగిన ఫలితంగా 2007లో ఆ పాప పేరు మీదనే ఒక చట్టం వచ్చింది. జనం వాడే కొలనులన్నిటికీ చిక్కుకోకుండా ఆపే ప్రత్యేక డ్రెయిన్ మూతలు ఆ చట్టం తప్పనిసరి చేసింది. మన అపార్టుమెంట్లలో ఆ మూతలు ఎలా ఉన్నాయో ఎంతమంది చూశారు? పంపు గంటల గురించి వాదించుకునే ముందు, కొలను అడుగున జాలీ ఉందా, స్క్రూలు బిగించి ఉన్నాయా, ఒకదానికి దూరంగా ఇంకొకటి అని రెండు డ్రెయిన్లు ఉన్నాయా చూసుకోండి. జాలీ ఊడితే ఆ రోజు పంపు ఆపాలి, కొలను మూయాలి. అందులో బేరం లేదు.

“పగలెందుకు? రాత్రి నడిపిద్దాం, పొద్దునకల్లా తేటగా ఉంటుంది.”

తేటగానే ఉంటుంది. కానీ మురికి దిగేది పగలు. చెమట, నూనె, పౌడరు, ఉమ్మి, మూత్రం అన్నీ మనుషులు నీటిలో ఉన్నప్పుడే చేరతాయి. క్లోరిన్ ఖర్చయ్యేదీ అప్పుడే. పంపు ఆగితే లోపల క్లోరిన్ అంతటా సమంగా పరుచుకోదు. పసిపిల్లలు గుంపుగా ఆడే లోతు తక్కువ మూలలో క్లోరిన్ ముందుగా అయిపోతుంది. మనుషులు నీటిలో ఉన్నంతసేపూ పంపు నడవాలి. ఇది మొదటి నియమం, దీనికి మినహాయింపు పెట్టకండి.

రాత్రి వేళకు ఒక ఉపయోగం ఉన్న మాట నిజం. ఎండ క్లోరిన్‌ను తినేస్తుంది. సయనూరిక్ ఆసిడ్ అనే రక్షణ లేని క్లోరిన్ మిట్ట మధ్యాహ్నపు ఎండలో గంట లోపే సగానికి పడిపోతుంది. అందుకే ఎక్కువ మోతాదు వేయాల్సినప్పుడు కొలను మూసేశాక, పొద్దుగూకాక వేసి, పంపు నడుపుతూ కలపాలి. రాత్రి నడపడం పగటి పనికి అదనం. పగలు ఆపేయడానికి అది సాకు కాకూడదు.

“నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఇంకా పంపెందుకు, మందెందుకు?”

లోతు వైపు అడుగున డ్రెయిన్ జాలీ గట్టు మీద నిలబడి స్పష్టంగా కనిపించకపోతే కొలను మూసేయాలి, ఎవరూ దిగకూడదు. ఎవరైనా మునిగినా పైకి కనపడరు కాబట్టి. అంతవరకు తేటదనం ప్రాణాలు కాపాడే కొలత. అది దాటాక తేటదనం ఏమీ చెప్పదు. ఇసుక ఫిల్టరు ఆపగలిగేది సుమారు ఇరవై ముప్పై మైక్రాన్ల నలుసుని. బ్యాక్టీరియా ఒకటి రెండు మైక్రాన్లే ఉంటుంది. అది ఫిల్టరులోంచి హాయిగా బయటికి వచ్చేస్తుంది. దాన్ని చంపాల్సింది క్లోరిన్, ఆ క్లోరిన్‌ను ప్రతి మూలకూ మోసుకెళ్లాల్సింది పంపు. ఒకటి చేసే పని ఇంకొకటి చేయలేదు.

లీటరుకు ఒక మిల్లీగ్రాము క్లోరిన్ సరిగా ఉంటే ఇ-కొలై నిమిషం లోపే చస్తుంది. హెపటైటిస్-ఎ వైరస్‌కు సుమారు పదహారు నిమిషాలు, జియార్డియాకు నలభై ఐదు నిమిషాలు. క్రిప్టోస్పోరిడియం అనే విరేచనాల క్రిమికి పది రోజులకు పైగా. సీడీసీ ఇచ్చే అంకెలివి. అందుకే విరేచనాలవుతున్న పిల్లల్ని నీటిలోకి పంపవద్దని అంత గట్టిగా చెబుతారు. ఎవరైనా పసివాడికి నీటిలోనే విరేచనమైతే, “జాలీతో తీసేసి పంపు ఇంకో గంట నడిపితే చాలు” అనే మాట కూడా వినకండి. అందర్నీ బయటికి పంపి, కొలను మూసి, క్లోరిన్ 20 పీపీఎంకు (లీటరుకు 20 మిల్లీగ్రాములకు) పెంచి, పన్నెండు గంటల నలభై ఐదు నిమిషాలు ఆ స్థాయిలోనే ఉంచి పంపు నడపాలి. సయనూరిక్ ఆసిడ్ ఉన్న నీటికి ఇంకా ఎక్కువ కావాలి.

మన బోరు నీళ్లతో ఇంకో చిక్కు ఉంది. అసలే గట్టి నీళ్లు, వాటికి తోడు బ్లీచింగ్ పౌడర్. ఆ పౌడర్‌లో సున్నం ఉంటుంది కాబట్టి వేసిన కొద్దీ పీహెచ్ పైకి పోతుంది. పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో సగం చురుగ్గా పనిచేస్తుంది. 8కి చేరితే పావు వంతే. ఇంకోలా చెప్పాలంటే, మీ ఆపరేటర్ రోజూ లెక్క ప్రకారమే మందు వేస్తున్నా అందులో ముప్పావు వంతు నిద్రపోతోంది. ఆ కొలనులో పంపు 24 గంటలు తిప్పినా ఉపయోగం తక్కువే. పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉంచండి. పసుపు రంగు తేలే చౌక కిట్టు మొత్తం క్లోరిన్‌ను చూపిస్తుంది, వాడుకకు మిగిలిన క్లోరిన్ ఎంతో విడిగా చెప్పదు. గులాబీ రంగు తేలే డీపీడీ కిట్టు కొనండి.

నీటి రసాయనం చెడితే ఎంత పెద్ద యంత్రాంగమైనా నిలబడదని 2016లో ప్రపంచమంతా చూసింది. రియో ఒలింపిక్స్‌లో మరియా లెంక్ కేంద్రంలోని డైవింగ్ కొలను రాత్రికి రాత్రి పచ్చబడింది. నీటిలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయడంతో అది క్లోరిన్‌ను నిర్వీర్యం చేసిందని నిర్వాహకులు తేల్చారు. పక్కనున్న కొలనులో నీళ్లు మొత్తం మార్చాల్సి వచ్చింది.

మన పక్కనే కేరళలో 2024, 2025ల్లో మెదడును తినే అమీబా కేసులు వచ్చాయి, పిల్లలు కూడా చనిపోయారు. ఆ అమీబాకు గోరువెచ్చని, క్లోరిన్ లేని, కదలని నీళ్లంటే ఇష్టం. మే నెలలో పంపు ఆపేసి, మందు తగ్గించిన కొలను సరిగ్గా అలాంటిదే. సరైన క్లోరిన్‌తో తిరుగుతున్న నీటిలో దానికి చోటు లేదు.

“మందు వేసి పంపు ఆపేయ్, బాగా పట్టుకుంటుంది.”

ఒక్క పటిక విషయంలో ఇది నిజం. నీరు మసకబారినప్పుడు పటిక వేసి, కాసేపు కలిపి, రాత్రంతా పంపు ఆపితే నలుసంతా ముద్దగా అడుక్కి చేరుతుంది. పొద్దున దాన్ని నిదానంగా వాక్యూమ్ చేసి, ఫిల్టరుకు పోకుండా వేస్ట్ స్థానంలో పెట్టి బయటికి పంపాలి. మిగతా ఏ మందుకైనా పంపు నడవాల్సిందే. కలవని బ్లీచింగ్ అడుగున గడ్డలా కూర్చుంటుంది. పొద్దున్నే మొదట దిగిన పిల్లవాడి కాలు దాని మీదే పడుతుంది.

మందును దానంతటదే పోసే డోసింగ్ పంపులున్న చోట ప్రమాదం ఇంకా ఎక్కువ. పెద్ద పంపు ఆగిపోయి, డోసింగ్ పంపు మాత్రం నడుస్తూ ఉంటే ఆసిడ్, క్లోరిన్ ద్రవం ఒకే పైపులో కలుస్తాయి. విష వాయువు పుడుతుంది. పెద్ద పంపు తిరిగి వేయగానే అది కొలనులో ఈదుతున్నవాళ్ల ముఖాల దగ్గర బుడగలుగా పైకి వస్తుంది. అమెరికాలో ఇలాంటి ఘటనలు నమోదయ్యాయి. మన దగ్గర కరెంటు పోయి రావడం మామూలు. పెద్ద పంపు ఆగితే డోసింగ్ కూడా ఆగేలా వైరింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించండి. పంపు ఆగి మళ్లీ మొదలవుతుంటే ముందు మనుషుల్ని బయటికి రమ్మనండి. పంపు గదిలో ఆసిడ్ క్యాన్లు, బ్లీచింగ్ బస్తాలు పక్కపక్కన పెట్టనివ్వకండి. టీసీసీఏ అనే ఇంకో రకం క్లోరిన్ పొడి తోడిన గరిటెతో బ్లీచింగ్ తోడకూడదు. ఆ రెండూ కలిస్తే మంట లేస్తుంది.

“కరెంటు బిల్లు చూశారా?”

చూద్దాం. రెండు హార్స్‌పవర్ పంపు గంటకు సుమారు 1.9 యూనిట్లు తాగుతుంది. ఎనిమిది గంటల బదులు పదహారు గంటలు నడిపితే రోజుకు అదనంగా పదిహేను యూనిట్లు. యూనిట్ పది రూపాయలు వేసుకుంటే నూట యాభై, నెలకు 4,500. అరవై ఫ్లాట్లు పంచుకుంటే ఇంటికి డెబ్బై ఐదు రూపాయలు. పిల్లవాడికి కళ్లు ఎర్రబడో, చెవిలో చీము పట్టో ఒక్కసారి డాక్టరు దగ్గరికి వెళితే అయ్యే ఫీజు దీనికి ఎన్నో రెట్లు.

తగ్గించాలనుకుంటే గంటలు కోయకండి, వేగం తగ్గించండి. పంపు వేగం సగానికి తగ్గితే నీరు సగం వస్తుంది, కరెంటు మాత్రం సూత్రం ప్రకారం ఎనిమిదో వంతే పడుతుంది. రెట్టింపు గంటలు నడిపి అంతే నీరు తోడినా కరెంటు నాలుగో వంతు. ఆచరణలో మోటారు నష్టాలు, వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ పరికరం నష్టాలు పోను లాభం కాస్త తగ్గుతుంది, అయినా బాగానే మిగులుతుంది. ఈ లెక్క వల్లే అమెరికాలో 2021 జూలై నుంచి కొత్త పూల్ పంపులకు కఠినమైన సామర్థ్య ప్రమాణాలు తెచ్చారు. త్రీఫేజ్ పంపు ఉన్న అసోసియేషన్లు వీఎఫ్‌డీ పెట్టించుకుంటే జనం ఉన్నప్పుడు పూర్తి వేగం, అర్ధరాత్రి నెమ్మది, ఆగేది మాత్రం లేదు. క్లబ్‌హౌస్ రంగులకు, పండగ లైట్లకు పెట్టే ఖర్చులో కొంత దీనికి పెట్టమని ఏ జనరల్ బాడీలోనైనా గట్టిగా అడగవచ్చు.

మిగతావి క్లుప్తంగా. “క్లోరిన్ వాసన గుప్పుమంటోంది, మందు తగ్గించండి” అంటారు. ఆ ఘాటు, ఆ కళ్ల మంట ఎక్కువగా చెమట, మూత్రంతో కలిసిపోయిన క్లోరిన్‌ది. అక్కడ మందు చాలలేదని అర్థం. దిగే ముందు సబ్బుతో స్నానం చేయిస్తే ఆ వాసన తగ్గుతుంది. హోలీ రోజు రంగులతోనే నీళ్లలో దూకి, “రాత్రి పంపు నడిపితే రంగు పోతుంది” అనుకోకండి. ఆ రోజు కొలను మూసేయండి. మొయినాబాద్, శామీర్‌పేట వైపు ఫామ్‌హౌస్‌లు అద్దెకిచ్చేవారు శుక్రవారం రాత్రి మాత్రమే పంపు వేస్తారు. వారమంతా కదలని నీటిలో నాచు పడుతుంది, దోమ గుడ్లు పెడుతుంది. డెంగీ దోమకు అలాంటి నిల్వ నీరే కావాలి.

డాలస్, ఆస్టిన్ వైపు పెరటి పూల్ ఉన్న తెలుగు కుటుంబాలకు “చలికాలంలో ఎవరూ దిగరు కదా, ఆపేయండి” అనే సలహా మరీ ఖరీదైనది. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సస్‌లో కరెంటు పోయి, పంపులు ఆగి, పైపుల్లో నీరు గడ్డకట్టి ఎన్నో కొలనుల పంపులు, ఫిల్టర్లు పగిలాయి. గడ్డకట్టే చలి వస్తోందంటే పంపు నడుస్తూనే ఉండాలి. కరెంటు పోయేలా ఉంటే పంపులో, ఫిల్టరులో నీరు ముందే ఖాళీ చేయాలి.

ఇక హైదరాబాద్, విజయవాడ ఎండలకు, కమ్యూనిటీ కొలనుకు నా తీర్పు ఇది. మార్చి నుంచి జూన్ దాకా తెరవడానికి గంట ముందు మొదలుపెట్టి, మూసిన తర్వాత కనీసం మూడు గంటలు. మధ్యలో ఆపొద్దు. మొత్తం కనీసం రెండు టర్నోవర్లు, సెలవు రోజుల్లో మూడు. వీఎఫ్‌డీ ఉంటే 24 గంటలూ. జనం పలచబడే వానాకాలం, చలికాలాల్లో రోజుకు ఒక పూర్తి టర్నోవర్, అదీ ఫిల్టరు శుభ్రంగా ఉన్నప్పటి లెక్కతో. వాన పడి మట్టి చేరిన రోజు మళ్లీ రెండు.

వచ్చే కమిటీ మీటింగుకు ముందు మీ కొలను పొడవు, వెడల్పు, లోతు టేపుతో కొలవండి. ఫ్లోమీటరు పెట్టించి, గంటకు ఎన్ని లీటర్లు వస్తున్నాయో చూడండి. కొలను నీటి లీటర్లను గంటకు వచ్చే లీటర్లతో భాగించి, కావలసిన టర్నోవర్లతో గుణించి, వచ్చిన గంటల్ని పెద్ద అక్షరాలతో రాసి పంపు గది తలుపు లోపలి వైపు అతికించండి. కింద సెక్రటరీ సంతకం పెట్టించండి. ఆ కాగితం చూపించి, ఎవరు ఫోన్ చేసి ఆపమన్నా ఆపనక్కర్లేదని ఆపరేటర్‌కు అందరి ముందూ చెప్పండి.